ఆప్షన్ పెట్టే చేయి ఎవరిది?

*ఇంటర్ పూర్తయ్యాక పిల్లలకు ఎదురయ్యే అసలు పరీక్షకు సిలబస్ లేదు, పాఠం చెప్పేవారూ లేరు. ఫీజులకు ఏటా వేల కోట్లు కేటాయించే ప్రభుత్వాలు, ఆ పిల్లల పక్కన గంటసేపు కూర్చునే మనిషిని మాత్రం ఇవ్వడం లేదు.*

జులై నెల. తెలంగాణలో ఒక మండల కేంద్రం. బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్. వెబ్ ఆప్షన్లకు ఆ రోజే ఆఖరు. లోపల మూడు కంప్యూటర్లు, బయట మెట్ల మీద పదిహేనుమంది. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు, వాటిలో మెమోలు, బోనఫైడ్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్ల జిరాక్సులు. వంతు వచ్చిన అమ్మాయి కుర్చీలో కూర్చుంది. తండ్రి వెనక నిలబడ్డాడు. ర్యాంకు ముప్పై ఎనిమిది వేల పైచిలుకు. "కాకా, ఏ కాలేజి పెట్టమంటవ్?" అని అడిగాడు సెంటర్ కుర్రాడు. "నాకేం ఎరుక బిడ్డా, మంచిది చూసి నువ్వే పెట్టు" అన్నాడు తండ్రి. అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగిపోయింది. కుర్రాడు కీబోర్డు పక్కనున్న కాగితం ముందుకు లాక్కున్నాడు. అది పొద్దున ఇంకో అమ్మాయికి పెట్టిన ఆప్షన్ల ప్రింటు. ఆ వరుసనే చూసి గడుల్లో ఒకటి, రెండు, మూడు అని అంకెలు కొట్టుకుంటూ పోయాడు. పన్నెండు నిమిషాల్లో పని అయిపోయింది. ప్రింటు చేతిలో పెట్టాడు. తండ్రి రెండు వందలు ఇచ్చాడు.

ఆ పన్నెండు నిమిషాల్లో ఆ పిల్ల రాబోయే నాలుగేళ్లు ఎక్కడ చదవాలో, ఏం చదవాలో, ఆ ఇంటి మీద ఎంత అప్పు పడాలో ఖరారైపోయింది. ఏటా వేసవి చివర రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేలాది ఇళ్లలో జరిగేది ఇదే. ఎంసెట్ కోసం రెండేళ్లు తెల్లవారుజామున లేపి చదివిస్తాం. వచ్చిన ర్యాంకుతో ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పరు. పరీక్ష రాయించే బాధ్యత జూనియర్ కాలేజీదైతే, ఆ పిల్లను తర్వాతి కాలేజీలో కూర్చోబెట్టే బాధ్యత కూడా దానిదే కావాలి. ఇది దయాదాక్షిణ్యాల మాట కాదు, విద్యాశాఖ చేయాల్సిన పనే.

కళ్ల ముందరి సీటు, కనపడని సీటు

ఈ సీట్ల కేటాయింపు వ్యవస్థ మంచి ఉద్దేశంతోనే పుట్టింది. డబ్బు సంచులతో సీట్లు కొనే రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లో చట్టం చేసి కాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1986లో ఎంసెట్ మొదలైంది. తండ్రి జేబును బట్టి కాకుండా పిల్లల ర్యాంకును బట్టి సీటు రావాలన్నది దాని ఆశయం. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నడిచిన ఆ కేసు తీర్పుతోనే ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అన్న మాటలు మన ఇళ్లలోకి వచ్చాయి. 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ తీర్పు ఆ పద్ధతిని పక్కన పెట్టింది. ఇప్పుడు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. పరీక్ష పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ ఎంసెటే.

తొలినాళ్లలో కౌన్సెలింగ్ అంటే మనిషి ఎదుట మనిషి కూర్చోవడం. ర్యాంకు ప్రకారం పిలిచేవారు. ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయో ఎదురుగా కనిపించేది. ఉన్నవాటిలోంచి ఒకటి ఎంచుకుని బయటికి రావడమే. బస్సు ఛార్జీలు, రాత్రంతా ప్రయాణం, లాడ్జి ఖర్చు... ఆ కష్టాలు తక్కువేం కాదు. ఆన్‌లైన్ వచ్చాక అవి తప్పాయి. దాంతో పాటు, మిగిలిన సీటును కళ్లారా చూసి ఎంచుకునే వీలూ పోయింది. ఇప్పుడు విద్యార్థి తనకు ఏది వస్తుందో తెలియకుండానే వరుస రాసుకుని కూర్చోవాలి. మిగతాది కంప్యూటర్ తేలుస్తుంది. పద్ధతి మారినప్పుడు ఆ కొత్త పద్ధతిని నేర్పే పాఠం కూడా రావలసింది. రాలేదు.

ఆ లోటు వల్ల ఎలాంటి తప్పు జరుగుతుందో ఒక్కటి చూస్తే చాలు. "పెద్ద కాలేజీ పైన పెడితే ఛాన్స్ వేస్ట్ అయిపోతుంది, మనకొచ్చేదే మొదట పెట్టాలి" అన్న నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంది. ఇది పూర్తిగా తప్పు. సీటు కేటాయించేటప్పుడు కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మొదటి ఆప్షన్‌లో ఆ ర్యాంకుకు, ఆ కేటగిరీకి, ఆ లోకల్ ఏరియాకు సీటు ఉంటే ఇస్తుంది, లేకపోతే రెండోదానికి దిగుతుంది. రాని కాలేజీని పైన పెట్టినందువల్ల పోయేదేమీ లేదు. వచ్చేదాన్నే పైన పెడితే మాత్రం, దానికన్నా మంచిది కింద ఎన్ని ఉన్నా కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. అంటే భయపడి జాగ్రత్త పడ్డవాడే నష్టపోతున్నాడు. పది ఆప్షన్లు పెట్టి చాలనుకుని తొలి విడతలో సీటే రాక గుండెలు బాదుకునేవారిదీ ఇదే కథ. ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో నిరుటి లెక్కలు అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఆ పట్టికలో ప్రతి బ్రాంచికీ ఒక అడ్డవరుస, ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, బీసీ-ఏ, బీసీ-బీ అంటూ పదుల సంఖ్యలో నిలువు గడులు. బీసీ-డీ అమ్మాయి తన గడి చూడకుండా ఓసీ అబ్బాయిల గడి చూసి 'మనకు రాదు' అని వదిలేస్తే, ఆమెకు రావలసిన సీటు ఇంకొకరికి పోతుంది. ఆ గడి మీద వేలుపెట్టి చూపించే మనిషి కావాలి, అంతే.

> ఈ కాగితాలు ముందే దగ్గరుండాలి
>
> ర్యాంకు కార్డు, హాల్‌టికెట్, ఆధార్, టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం. తెలంగాణలో ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి మార్చిలో తెచ్చుకున్నది జూన్‌లో పనికిరాదు. ఎక్కువమంది పరుగులు పెట్టేది ఈ రెండు కాగితాల కోసమే.

35 వేల దగ్గర తప్పే లెక్క

ఆప్షన్ల వరుస సగం సంగతే. మిగతా సగం డబ్బు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచే ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, అగ్రవర్ణ పేదలకు విస్తరించాక ఇంజనీరింగ్ అన్నమాట కూలి ఇళ్లలోకీ వచ్చింది. పనికి వెళ్లే తల్లి, "మా వాడు బీటెక్" అని చెప్పుకోగలిగింది. దాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ ఆ పథకం ఎవరికి ఎంత ఇస్తుందో తెలుసుకోకుండా సీటు తీసుకున్న ఇల్లు రెండో ఏటికల్లా అప్పులో పడుతుంది.

తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు మొత్తం వస్తుంది. ఆ పైన ర్యాంకు వాళ్లకు ఏడాదికి గరిష్ఠంగా 35 వేలే. కుటుంబ ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు దాటకూడదు. 2022లో ఖరారైన ఇంజనీరింగ్ ఫీజులు చూస్తే కనిష్ఠం 45 వేలు, గరిష్ఠం లక్షా 60 వేలు. ముప్పై ఎనిమిది వేల ర్యాంకున్న బీసీ అమ్మాయి లక్ష రూపాయల ఫీజున్న కాలేజీలో చేరితే ఏటా 65 వేలు ఇంటినుంచి కట్టాలి. నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. అదే 45 వేల ఫీజున్న కాలేజీలో చేరితే ఇంటినుంచి కట్టేది ఏటా 10 వేలు, నాలుగేళ్లకు 40 వేలు. తేడా 2 లక్షల 20 వేలు. కూలి చేసుకునే ఇంటికి ఇది ఏళ్ల తరబడి తీరని బాకీ. ఖరీదైన కాలేజీ వద్దని కాదు. ఆ తేడాకు తగ్గ చదువు అక్కడ ఉందా, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్న రెండు ప్రశ్నలు ఆప్షన్ పెట్టకముందు అడగాలి. హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజు, యూనిఫాం, ల్యాప్‌టాప్ ఈ లెక్కలోకి రానేలేదు. ఇంటినుంచి రోజూ వెళ్లొచ్చే దూరంలో ఉన్న కాలేజీకి, హాస్టల్‌లో ఉండి చదవాల్సిన కాలేజీకి మధ్య ఖర్చు తేడా ఒక్కోసారి ట్యూషన్ ఫీజు తేడాను మించిపోతుంది.

డబ్బు మంజూరైనా చేతికందడం ఇంకో మెట్టు. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఏటా రెన్యువల్ చేయాలి, హాజరు ఉండాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం ఆ సొమ్మును తల్లి ఖాతాలో వేసింది, తర్వాతి ప్రభుత్వం నేరుగా కాలేజీకి ఇచ్చే పద్ధతికి మళ్లింది. నియమం మారిన ప్రతిసారీ దాన్ని ఆఖరున తెలుసుకునేది పల్లెలోని ఇల్లే. సర్కారు బకాయి పడితే ఆ భారం పిల్లల మీదికి దిగుతుంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పాటించాయి. బంద్ లేని రోజుల్లో ఇదే గొడవ ఆఫీసు కిటికీ దగ్గర నడుస్తుంది. "గవర్నమెంటు నుంచి రాలేదు, నువ్వు కట్టి సర్టిఫికెట్లు తీసుకుపో" అంటారు. ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొస్తున్న పిల్లవాడు వడ్డీకి తెచ్చి కడతాడు.

> ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక్కటే కాదు
>
> ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే ఏ కులంవారికైనా పూర్తి మినహాయింపు, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతుల మినహాయింపు. ఎన్ఐటీల్లోనూ ఇలాంటి సౌకర్యమే ఉంది. బీటెక్‌లో చేరిన అమ్మాయిల్లో ఎంపికైనవారికి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు ఇస్తుంది, ఆదాయ పరిమితి 8 లక్షలు. బ్యాంకు రుణం విషయానికొస్తే, 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో చేరినవారికి పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకూ రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మన చుట్టుపక్కల కాలేజీలన్నీ ఆ జాబితాలో ఉండవు. చేరకముందే చూసుకోవాలి.

ఖాళీ కుర్చీలో కూర్చునేది ఎవరు?

సలహా చెప్పే కుర్చీ ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. ప్రభుత్వం కూర్చోకపోతే లాభం ఉన్నవాడు వచ్చి కూర్చుంటాడు. ఇంటర్ పరీక్షలు ముగిసీ ముగియకముందే ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "మీ అమ్మాయి ర్యాంకుకు కన్వీనర్‌లో సీఎస్ఈ రాదండీ, ఇప్పుడే అడ్వాన్సు కడితే మేనేజ్‌మెంట్‌లో ఆపుతాం." కౌన్సెలింగ్ ఇంకా మొదలే కాలేదు, ఏది వస్తుందో ఏది రాదో ఎవరికీ తెలియదు. అయినా భయపడిన తండ్రి అడ్వాన్సు కట్టేస్తాడు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్న సంగతి ఫోన్ చేసినవాడు చెప్పడు. తెలంగాణలో ప్రైవేటు యూనివర్సిటీలదీ ఇదే వ్యవహారం. 2018 చట్టం కింద ఏర్పడిన వాటికి రీయింబర్స్‌మెంట్ వర్తించదు, వాటి ఫీజులు నియంత్రణ కమిటీ చేతిలో ఉండవు. నిన్నటిదాకా కాలేజీగా ఉన్నది ఇవాళ యూనివర్సిటీ అయితే 'ఇంకా పెద్దదైంది' అని జనం సంతోషిస్తారు. ఇంటి లెక్క తలకిందులైందని తెలిసేది చేరిన తర్వాతే. చేరాక మనసు మార్చుకుంటే ఏం చేయాలో కూడా తెలియదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని, గడువు లోపు మానేసినవారికి ఫీజు వెనక్కి ఇవ్వాలని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఆ ఒక్క మాట తెలిసిన తండ్రి గొంతెత్తి అడగగలడు. తెలియనివాడు చేతులు కట్టుకుని నిలబడతాడు.

బ్రాంచి సంగతీ అంతే. ఇప్పుడు తెలంగాణలో ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ శాఖలవే. సివిల్ ఎందుకు, మెకానికల్ ఎందుకు అని ఇంటిల్లిపాదీ అంటుంటే, మోటార్లు విప్పి బిగించే సరదా ఉన్న పిల్లవాడు నోరు మెదపడు. ఇంజనీరింగే వద్దనుకునేవాళ్ల గురించి అసలు మాట్లాడేవారే ఉండరు. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలూ 'దోస్త్' పేరుతో ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. అక్కడా ఆప్షన్లే, అక్కడా విడతలే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అతి తక్కువ ఖర్చుతో మంచి చదువు దొరికే అవకాశం చాలా ఇళ్లలో చర్చకే రాదు, ఎందుకంటే దాన్ని ఇంటికి ఫోన్ చేసి అమ్మేవాడు లేడు.

"అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా!"

జూనియర్ కాలేజీయే ప్రతి పిల్ల పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టాలన్న మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది: హెల్ప్‌లైన్ సెంటర్లు ఉన్నాయి, యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి, ఇంకేం కావాలి? హెల్ప్‌లైన్ సెంటర్ పని ధ్రువపత్రాలు సరిచూడటం. అక్కడి సిబ్బంది దాన్ని ఓపికగానే చేస్తారు. కానీ వరుసలో వందమంది నిలబడి ఉంటే 'నీకు ఏది ఇష్టం, ఇంట్లో ఎంత కట్టగలరు' అని అడిగే తీరిక వాళ్లకు ఎక్కడిది? వీడియో లక్షమందికి ఒకే మాట చెబుతుంది. ఈ పిల్ల ర్యాంకు, కేటగిరీ, లోకల్ ఏరియా, తండ్రి ఆదాయం కలిపి చూసి చెప్పదు. సమాచారం దొరకడం వేరు, దాన్ని తన జీవితానికి అన్వయించుకోవడం వేరు.

ఈ మాటకు గట్టి రుజువు అమెరికాలో దొరికింది. అక్కడ కాలేజీకి ఆర్థిక సాయం కావాలంటే హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలు 'ఫాఫ్సా' అనే పెద్ద దరఖాస్తు నింపాలి. 2008లో ఒహైయో, నార్త్ కరోలినాల్లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఆదాయపు పన్ను పత్రాలు నింపించుకోవడానికి ఎచ్ అండ్ ఆర్ బ్లాక్ అనే సంస్థ ఆఫీసులకు వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాల్లో కొందరికి అక్కడికక్కడే ఆ దరఖాస్తు కూడా నింపిపెట్టారు. ఇంకొందరికి ఎంత సాయం వస్తుందో సమాచారం మాత్రమే ఇచ్చి పంపారు. తర్వాతి మూడేళ్లలో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసిన పిల్లలు, సాయం అందని ఇళ్లలో 28 శాతం ఉంటే, దరఖాస్తు నింపిపెట్టిన ఇళ్లలో 36 శాతం ఉన్నారు. సమాచారం మాత్రమే అందుకున్నవారిలో మార్పేమీ కనిపించలేదు. కరపత్రం, వెబ్‌సైట్, వీడియో చేయలేని పనిని పక్కన కూర్చున్న మనిషి చేయగలిగాడు. దేశం వేరైనా, కాగితం ముందు తెల్లబోయే తండ్రి ఎక్కడైనా ఒక్కడే.

రెండో అభ్యంతరం లెక్చరర్ల వైపునుంచి వస్తుంది: ఉన్న పని చాలదా, వేసవి సెలవుల్లోనూ ఇదేనా? ఈ బాధలో న్యాయం ఉంది. అయితే జూనియర్ కాలేజీలు జూన్ మొదట్లోనే తెరుచుకుంటాయి. తెలంగాణలో నిరుటి ఆప్షన్లు జులైలో నడిచాయి. అప్పటికి లెక్చరర్లు కాలేజీలోనే ఉంటారు. సెలవులు పాడు చేయనక్కర్లేదు. పిల్లకు ఒక గంట చొప్పున రోజుకు ఆరుగురు అనుకుంటే, ఇద్దరు లెక్చరర్లు మూడు వారాల్లో రెండు వందల మందికి చెప్పగలరు. ఆ గంటలకు వాళ్లకు వేరే గౌరవ వేతనం ఇవ్వాలి, క్లాసుల భారం తగ్గించాలి. ఊరికే ఇంకో డ్యూటీ నెత్తిన రుద్దితే సంతకాలు మిగులుతాయి తప్ప సాయం మిగలదు.

మూడోది ఇంకా సూటిగా ఉంటుంది: లెక్చరర్లే కాలేజీల దగ్గర కమిషన్ పుచ్చుకుని పిల్లల్ని అటు తోస్తే? జరగదని చెప్పలేం. అందుకే ఈ పని గదిలో గుసగుసగా కాకుండా కాగితం మీద జరగాలి. పిల్ల ర్యాంకు, నిరుటి చివరి ర్యాంకులు, ప్రతి కాలేజీ ఫీజు, సర్కారు ఇచ్చేదెంత, ఇంటినుంచి కట్టేదెంత, అన్నీ ఒక షీటు మీద రాసి తండ్రికి ఒక ప్రతి, కాలేజీ ఫైల్లో ఒక ప్రతి ఉంచాలి. నూరుమంది పిల్లల షీట్లలో ఒకే కాలేజీ మొదట కనిపిస్తే ప్రిన్సిపాల్‌కే అర్థమైపోతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లోనూ, ఏజెంటు ఫోన్‌లోనూ ఈపాటి నిఘా కూడా లేదు కదా.

ఇక పిల్లలు సొంతంగా నేర్చుకోవాలి, చేయి పట్టి నడిపిస్తే ఎప్పటికి ఎదుగుతారు అనేవాళ్లున్నారు. డబ్బున్న ఇంటి పిల్లవాడు సొంతంగా ఏమీ చేయడం లేదు. అతనికి కార్పొరేట్ కాలేజీలో ఒక విభాగమే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేనమామ ఉన్నాడు, అవసరమైతే డబ్బిచ్చి పెట్టుకునే కన్సల్టెంటు ఉన్నాడు. సొంత కాళ్ల మీద నిలబడమని మనం ఉపదేశిస్తున్నది ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్న పిల్లకే.

ఖర్చు ఎవరిది?

తెలంగాణలో 400కు పైగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలున్నాయి. చాలావాటిలో కంప్యూటర్లు ఉన్నాయి, పిల్లల పేర్లు, మార్కులు, కుటుంబ వివరాలు రిజిస్టర్లలో ఉన్నాయి. జనవరిలోనే ఆదాయ ధ్రువపత్రాలకు తహసీల్దార్ కార్యాలయంతో కలిసి కాలేజీలోనే ఒకరోజు శిబిరం పెట్టవచ్చు. జూన్‌లో కాలేజీ తెరవగానే ఫీజుల లెక్క, ఆ తర్వాత ఆప్షన్ల కసరత్తు, సీటు వచ్చాక ఈపాస్ దరఖాస్తు. డబ్బు కోసం కొత్త పద్దు వెతకనక్కర్లేదు. కౌన్సెలింగ్‌కు ప్రతి విద్యార్థి దగ్గరా ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటూనే ఉన్నారు. ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు. కౌన్సెలింగ్ పేరిట ముందే కట్టించుకుంటున్న ఆ సొమ్ములో కొంత తిరిగి ఆ పిల్లకే ఒక గంట కౌన్సెలింగ్‌గా అందాలి. ఇంటర్నెట్ సెంటర్ మెట్ల మీద కూర్చున్న తండ్రి మళ్లీ రెండు వందలు తీయాల్సిన అవసరం ఉండకూడదు.